పడవ మోటారు కార్బురేటర్: బాగుచేయుటా, మార్చుటా?

యంత్రాలకు సంబంధించిన కొన్ని ప్రశ్నలు చూచుటకు చిన్నవిగానే ఉంటాయి. కాని అనుభవంలోకి వచ్చేసరికి అవి ఒక కుటుంబపు జీవనాధారాన్నే తాకుతాయి. పడవ మోటారుకు అమర్చిన కార్బురేటర్ చెడినప్పుడు దానిని విప్పి బాగుచేయవలెనా, లేక తీసివేసి కొత్తది కొనవలెనా అన్నది అటువంటి ప్రశ్న. గత జూన్ నెలలో మా కళాశాల భౌతికశాస్త్ర విద్యార్థులం కొందరం మచిలీపట్నం సమీపంలోని గిలకలదిండి రేవుకు వెళ్ళినప్పుడు ఈ ప్రశ్న మా ఎదుటికి వచ్చింది. అక్కడ చూచినదానికి తరగతిలో చదివినదానిని జోడించి తోటి విద్యార్థులకు విన్నవించుటే ఈ వ్యాసం ఉద్దేశం.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులపాటు, మోటారు పడవలకు వేట నిషేధం. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టి పెరిగే కాలమది. నిషేధం తీరిన మరునాడే పడవలన్నీ సముద్రంలోకి పోవలెను. కాని రెండు నెలలు ఒడ్డున నిలిచిన మోటార్లలో కొన్ని, తాడు ఎంత లాగినా మేలుకొనవు. ఆనాడు రేవులో వరుసకు బావా బావమరదులైన ఇద్దరు మత్స్యకారులు తమ అవుట్‌బోర్డు మోటార్లను ఒక వృద్ధ మెకానిక్ వద్దకు తెచ్చారు. అందరూ ఆయనను ఉస్తాద్ అనే పిలుస్తారు. బావగారి మోటారుకు కొత్త కార్బురేటర్ తప్పదని అంగడివారు చెప్పగా, ఆయన అప్పు చేసి డబ్బు తెచ్చుకొన్నాడు. బావమరిది మాత్రం, "ఈసారికి కిట్టు వేసి పంపించండి ఉస్తాద్, కొత్తది కొనే తాహతు లేదు" అని బ్రతిమాలుతున్నాడు. ఉస్తాద్ ఇద్దరి మాటలూ విని, "ముందు విప్పనివ్వండి తమ్ముడూ, అది ఏమంటుందో విందాం" అన్నాడు. చివరకు తేలిన తీర్పు ఇద్దరూ అనుకొన్నదానికి విరుద్ధంగా వచ్చింది. అది ఎట్లు తేలినదో గ్రహించవలెనంటే మొదట కార్బురేటర్ చేసే పని తెలియవలెను.

కార్బురేటర్ చేసే పని

పెట్రోలు ద్రవరూపంలో మండదు. ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండుతుంది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. లీటరు లెక్కన చెప్పుకొంటే ఒక లీటరు పెట్రోలుకు దాదాపు 9 ఘనమీటర్ల గాలి, అనగా 9,000 లీటర్లు! ఈ పాళ్ళు తప్పకుండా చూచే లెక్కలవాడే కార్బురేటర్.

దీనికి ఆధారమైన సూత్రాన్ని 1738లో డేనియల్ బెర్నూలీ తన గ్రంథంలో వివరించాడు. ప్రవాహవేగం పెరిగినచోట పీడనం తగ్గుతుంది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురి పేరుతో ప్రసిద్ధమైన సన్నని మెడ గల గొట్టం గుండా గాలి పోవునప్పుడు ఆ మెడవద్ద వేగం హెచ్చి, పీడనం తగ్గుతుంది. అప్పుడు ప్రక్కనున్న చిన్న గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్నని రంధ్రం ద్వారా పైకి లేచి, తుంపరలై గాలిలో కలుస్తుంది. గిన్నెలో పెట్రోలు మట్టం మారకుండా ఒక ఫ్లోటు, దానికి ఆనుకొన్న నీడిల్ వాల్వు కాపలా కాస్తాయి. ఇంటి మీది నీటి ట్యాంకులో తేలే బంతి పనిచేసే తీరే దీనిదీను. మోటారు నెమ్మదిగా తిరుగునప్పుడు చిన్న జెట్టు, వేగంగా తిరుగునప్పుడు పెద్ద జెట్టు పెట్రోలు అందిస్తాయి. మోటారులోకి పోయే గాలిని థ్రాటిల్ రేకు అదుపు చేస్తుంది.

హంగరీ దేశస్థులు డొనాట్ బాంకి, యానోష్ చొంకా 1893లో ఈ విధమైన కార్బురేటర్‌ను రూపొందించారు. అమెరికాలో ఓలె ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డు మోటార్లను విపణికి తెచ్చాడు. మన దేశంలో 2020 ఏప్రిల్‌లో బి.ఎస్. 6 ప్రమాణాలు అమలైన పిదప కొత్త మోటారు సైకిళ్ళలో కార్బురేటర్ స్థానాన్ని దాదాపుగా ఇంజెక్షన్ పద్ధతి ఆక్రమించింది. కనుక నేటి విద్యార్థికి దీనిని విప్పి చూచే అవకాశం రేవుల్లోనే ఎక్కువ.

పడవ విషయంలో మరొక సంగతి మరువరాదు. చాలా చిన్న మోటార్లు రెండు స్ట్రోకులవి. వాటికి కందెన నూనెను పెట్రోలులోనే కలుపుతారు. కార్బురేటర్ తక్కువ పెట్రోలు ఇస్తే నూనె కూడా తక్కువే అందుతుంది. అప్పుడు పిస్టన్ వేడెక్కి సిలిండరులో పట్టుకొనిపోతుంది. రోడ్డు మీద బండి ఆగితే నెట్టుకొని పోవచ్చు. అలలు విరిగే మొగలో మోటారు ఆగితే పడవ అడ్డం తిరిగి బోల్తా కొట్టే ప్రమాదమున్నది.

దోషం ఎక్కడ?

ఉస్తాద్ ముందుగా కార్బురేటర్‌ను ముట్టుకొనలేదు. ట్యాంకులోని పెట్రోలును కొంత గాజు సీసాలోకి తీసి ఎండకు పట్టి చూచాడు. మూత వద్ద గాలి రంధ్రం తెరిచి ఉన్నదా, ఫిల్టరు మూసుకొన్నదా, ప్లగ్గు నిప్పురవ్వ వేస్తున్నదా అని వరుసగా పరీక్షించాడు. మోటారు నడవని ప్రతి సందర్భంలోను దోషం కార్బురేటర్‌దే కాదు. ట్యాంకులో నీరుంటే కొత్త కార్బురేటర్ వేసినా అది కూడా త్వరలోనే చెడుతుంది.

ఈ నీటి బెడద ఇప్పుడు మరింత పెరిగింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు మన బంకులలో ప్రవేశించి, 2025 నాటికి దేశమంతటా సామాన్యమైంది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకొంటుంది. నీరు ఒక పరిమితి దాటితే ఇథనాలుతో కలిసి పెట్రోలు నుంచి విడిపోయి, అడుగున పొరగా నిలుస్తుంది. సీసాలో ఆ గీత కంటికి కనిపిస్తుంది. ఇథనాలుకు తట్టుకొనని పాత రబ్బరు భాగాలు ఉబ్బి పాడవుతాయి.

బాగుచేయదగినది

బావగారి మోటారులో పెట్రోలు స్వచ్ఛంగానే ఉన్నది. కార్బురేటర్ విప్పగా గిన్నె అడుగున బంకవంటి పదార్థం కనిపించింది. నిషేధకాలమంతా గిన్నెలో నిలిచిన పెట్రోలులోని తేలిక భాగం ఆవిరైపోగా మిగిలిన మడ్డి అది. చిన్న జెట్టు పూర్తిగా మూసుకొని ఉన్నది. నీడిల్ కొనమీద అరిగిన గుర్తు ఉంగరం వలె ఏర్పడినది. గాస్కెట్ పెళుసెక్కింది. కాని అల్యూమినియం బాడీ చెక్కుచెదరలేదు. థ్రాటిల్ కడ్డీని వ్రేళ్ళతో ఊపితే కదలిక లేదు. గాజుపలక మీద బోర్లించితే అంచు వంకర లేదు. ఫ్లోటును వేడినీటిలో ముంచితే బుడగలు రాలేదు. అరిగినవన్నీ కిట్టులో దొరికే వస్తువులే. "దీనికి కొత్తది ఎందుకు తమ్ముడూ? కిట్టు చాలు" అని ఉస్తాద్ తేల్చాడు.

మాలో ఒకడు జెట్టు శుభ్రం చేయుటకు సన్నని తీగ అందివ్వబోగా ఆయన వారించాడు. జెట్టు మెత్తని ఇత్తడితో చేసినది; తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదవుతుంది. లెక్క వేసి చూడండి. ఒక మిల్లీమీటరు వ్యాసం గల రంధ్రం 1.05 మిల్లీమీటర్లైతే వ్యాసం పెరిగినది 5 శాతమే. కాని వైశాల్యం వ్యాసపు వర్గాన్ని అనుసరిస్తుంది గనుక అది 10 శాతానికి పైగా పెరుగుతుంది. కంటికి కనిపించని గీతతో మోటారు నల్లని పొగ కక్కుతుంది. అందుచేత జెట్టును తగిన ద్రావణంలో నానబెట్టి, గాలి ఊది శుభ్రపరచవలెను. గాలి స్క్రూను విప్పే ముందు అది ఎన్ని చుట్లు బిగుస్తుందో లెక్కించి వ్రాసుకొనవలెను. తిరిగి అమర్చునప్పుడు అన్ని చుట్లే వదలవలెను.

మార్చవలసినది

బావమరిది మోటారు కథ వేరు. నిరుడు దానికి మూడుమార్లు కిట్టు వేశారట. మూడవసారి వేసిన కొద్దిరోజులకే మొగ దాటుతుండగా మోటారు ఆగిపోయి, వెనుక వచ్చే పడవవారు తాడు వేసి లాగుటచే ప్రాణాలు దక్కాయట. విప్పి చూడగా బాడీ లోపలి దారులలో తెల్లని పొడి కట్టి, దాని క్రింద లోహం గుంటలు పడి ఉన్నది. రసాయనశాస్త్ర విద్యార్థులు దీనికి కారణం సులభంగా చెప్పగలరు. ఇత్తడి, అల్యూమినియం తగిలియున్నచోట ఉప్పునీరు చేరితే అది చిన్న విద్యుత్ ఘటమై, అల్యూమినియాన్ని తినివేస్తుంది. అంతేకాక థ్రాటిల్ కడ్డీ తిరిగే రంధ్రం అరిగి వదులైంది. ఆ సందులోనుంచి లెక్కకు రాని గాలి లోపలికి పోతున్నది. ఉస్తాద్ మోటారును ఎట్లో నడిపించి, ఆ సందులో కొద్దిగా గ్రీజు పెట్టాడు. తడబడుతున్న మోటారు క్షణకాలం కుదురుకొని, గ్రీజు కరగగానే మళ్ళీ తడబడింది. అంతకు మించిన సాక్ష్యం ఏమి కావలెను? కిట్టులో గాస్కెట్లు, నీడిల్ మాత్రమే దొరుకుతాయి. అరిగిపోయిన బాడీకి అవి బదులు కావు.

కొత్తది కొనునప్పుడు కూడా వివేకం అవసరం. అచ్చం అట్లే కనిపించినంత మాత్రాన చౌకరకం నకలు పనికిరాదు. ఆ మోటారు నమూనాకు నిర్ణయించిన జెట్టు కొలతలే ఉండవలెను. పడవ లోపల అమర్చే పెట్రోలు ఇంజనులకైతే కారు కార్బురేటర్ ఎంతమాత్రం తగదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. పొంగి కారిన పెట్రోలు ఆవిరి పడవ అడుగున చేరి నిప్పురవ్వకై కాచుకొని ఉంటుంది. అందుకే అమెరికా తీరరక్షక నిబంధనలు అటువంటి కార్బురేటర్, ఫ్లోటు వాల్వు తెరుచుకొని ఉన్న పరీక్షలో సైతం, 30 సెకన్లలో 5 ఘన సెంటీమీటర్లకు మించి పెట్రోలు కార్చరాదని విధించాయి.

ముగింపు

కనుక ఈ ప్రశ్నకు సమాధానం ధరల పట్టికలో దొరకదు. అరిగినది ఏది అన్నదానిలో దొరుకుతుంది. మడ్డి పట్టినది, మార్చుకొనుటకు వీలైన చిన్న భాగాలు అరిగినది బాగుచేయదగినది. బాడీయే తినబడినది, కడ్డీ రంధ్రం వదులైనది, కిట్టు వేసినా అదే దోషం తిరిగి వచ్చినది మార్చదగినది. మొదటిదానిని మార్చుట ధనవ్యయం; రెండవదానిని అతుకులతో నడుపుట ప్రాణాలతో జూదం.

ఇవి రెండూ తప్పించుకొనే ఉపాయం కూడా ఉస్తాద్ చెప్పాడు. ఏప్రిల్ 15న పడవ ఒడ్డెక్కగానే పెట్రోలు గొట్టం తీసివేసి, గిన్నె అడుగు స్క్రూ విప్పి అందులోని పెట్రోలును పూర్తిగా వంపివేయవలెను. నిమిషాల పని. ఆ సంగతి తెలిసియుంటే బావగారి మోటారు రేవులో మొరాయించియుండేది కాదు.

మేము తిరిగి వచ్చే వేళకు, కొత్త కార్బురేటర్ కొరకు బావగారు తెచ్చుకొన్న డబ్బు బావమరిది చేతికి చేబదులుగా మారింది. "నీ మోటారు ఆగితే లాగవలసింది నేనే కదా!" అన్నాడు బావగారు నవ్వుతూ. విప్పి చూడకముందే తీర్పు చెప్పరాదన్న పాఠం మాకు ఆనాడు గిలకలదిండి రేవులో, నూనె మరకలు పడిన ఒక గోనెపట్టా మీద లభించింది.