ఠాణాకెక్కని నేరము: ఇంటింటి ప్రశ్నలతో దానిని లెక్కించు విధానము

నేను తెలుగు బోధించు పాఠశాల తమిళనాడులోనిది. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక విద్యార్థి తల్లి బడికి వచ్చినపుడు, ఆమె మెడలో ఎప్పుడును ఉండు గొలుసు కానరాకుండుట చూచి, ఏమైనదని అడిగితిని. "పోయింది సారూ" అనినది. ఎక్కడనో జారిపడినదని తలంచితిని. మాటమీద మాట వచ్చి, ఎట్లు పోయినదని మరల అడుగగా, బస్సు దిగుచుండగా ఎవడో వెనుకనుండి తెంపుకొని పరుగెత్తెనని తెలిసినది. "ఠాణాలో చెప్పలేదా అమ్మా?" అంటిని. "వాళ్లు రాసేది నాకు చదవను రాదు. నేను చెప్పేది వాళ్లకు తెలీదు. ఎందుకులే అని ఊరకుండిపోతిమి" అని బదులు చెప్పినది.

ఈ చిన్న సంభాషణయందు రెండు సంగతులున్నవి. జరిగిన నేరము ఏ ప్రభుత్వ పుస్తకమునకును ఎక్కలేదు. ఇది మొదటిది. "పోయింది" అను మాటవద్దనే నేను ఆగియుండినచో నా లెక్కకును అది ఎక్కియుండదు. ఇది రెండవది. నేరములకు గురియైన వారిని ఇంటింటికి పోయి అడిగి లెక్కించు దేశములు సుమారు అరువది సంవత్సరములుగా ఈ రెండు చిక్కులతోనే పెనగులాడుచున్నవి. ఆ పద్ధతి యెట్టిదో, దానివలన తెలియునదేమో, తెలియనిదేమో సంగ్రహముగా వివరించుట ఈ వ్యాసము ఉద్దేశము.

పోలీసు లెక్క

అమెరికా సంయుక్త రాష్ట్రములలో పోలీసు శాఖల నేరగణాంకములను 1930 నుండి కేంద్ర దర్యాప్తు సంస్థ ఒకచో కూర్చుచు వచ్చినది. మనదేశమున 'క్రైమ్ ఇన్ ఇండియా' అను వార్షిక గ్రంథము 1953 సంవత్సరపు లెక్కలతో ఆరంభమైనది. 1986లో ఏర్పడిన జాతీయ నేర నమోదు సంస్థ ఇప్పుడు దానిని వెలువరించుచున్నది. ఇట్టి గ్రంథములు ఉపయోగకరములే. అయినను అవి లెక్కించునది జరిగిన నేరములను గాదు, నమోదైన నేరములను. ఒక నేరము ఆ పుటలకు చేరవలెనన్న, బాధితుడు దానిని నేరమని గుర్తింపవలెను, ఠాణాకు పోవలెను, అచ్చటివారు వినవలెను, విన్నదానిని వ్రాయవలెను. ఒకే ఫిర్యాదులో పలు నేరములున్నచో మన గణనలో వానిలో మిక్కిలి తీవ్రమైనదే లెక్కకు వచ్చును.

ఇందువలన ఒక విపరీతము కలుగును. పోలీసులు శ్రద్ధగా వ్రాసికొన్న యేట నేరములు పెరిగినట్లును, ఉపేక్షించిన యేట తగ్గినట్లును కనబడును. ఇంగ్లండు, వేల్సులలో 2002లో నమోదు నియమములను మార్చగా పోలీసు అంకెలు పైకి పోయినవి. అదే కాలమున ఇంటింటి సర్వేలో నేరములు తగ్గుచుండినవి. 2014లో ఆ దేశపు పోలీసు తనిఖీ శాఖ పరిశీలింపగా, పోలీసులకు చెప్పిన నేరములలోనే నూటికి 19 వంతున నమోదు కాకుండ పోయినట్లు తేలినది. అదే సంవత్సరమున పోలీసు నేర గణాంకములకు ఉండిన 'జాతీయ గణాంకము' అను గౌరవముద్రను అచ్చటి గణాంక ప్రాధికార సంస్థ తొలగించినది.

గుమ్మమువద్ద ప్రశ్న

ఠాణాను విడిచి ఇంటికి పోవలెనను ఆలోచన పెద్దయెత్తున మొదట అమెరికాలో అమలుజరిగినది. 1965లో అధ్యక్షుడు జాన్సన్ నియమించిన నేరవిచారణ సంఘము కొరకు, 1966లో చికాగోలోని ఒక పరిశోధన సంస్థ దేశమంతట సుమారు 10,000 కుటుంబములను ప్రశ్నించినది. కన్నపుదొంగతనములు పోలీసు లెక్కకు మూడురెట్లు, తీవ్రమైన దాడులు రెండురెట్లకు పైగా, బలాత్కారములు మూడున్నర రెట్లు జరుగుచున్నట్లు ఆ సర్వే చూపినది. ఈ మరుగుపడిన భాగమునకే శాస్త్రజ్ఞులు 'చీకటి అంకె' అని పేరు పెట్టిరి. 1972లో అమెరికాలో జాతీయ నేర సర్వే ఆరంభమై నేటివరకు సాగుచున్నది. ఇంగ్లండులో ఇట్టి సర్వే 1982లో మొదలై, 2012లో జాతీయ గణాంక కార్యాలయము చేతికి వచ్చినది. పెక్కు దేశములను ఒకే ప్రశ్నావళితో పోల్చు అంతర్జాతీయ సర్వే 1989లో జరిగినది. దాని తరువాతి విడతలలో, 1992లోను 1996లోను, మన బొంబాయి నగరము కూడ చేరినది. మెక్సికో 2011 నుండి ఏటేట సర్వే జరుపుచున్నది. అచ్చట నూరు నేరములలో తొంబదికి పైగా ఫిర్యాదు గాని దర్యాప్తు గాని లేకయే గడచిపోవుచున్నవని ఆ సర్వే చెప్పుచున్నది. ఏల చెప్పలేదని అడిగిన, కాలము వ్యర్థమనియు, అధికారులయందు నమ్మకము లేదనియు జనులు బదులిచ్చుచున్నారు.

అందరి యిండ్లకు పోనక్కరలేదు. అన్నము ఉడికినదో లేదో చూచుటకు ఇల్లాలు కుండలోని మెతుకులన్నియు పట్టి చూడదు గదా! అయితే కుండను కలియబెట్టి తీసిన మెతుకే కుండ సంగతి చెప్పును. అటులనే ఇండ్లను ఎవరి యిష్టమునుబట్టియు గాక, ప్రతి యింటికిని ఎంపికయగు అవకాశము తెలిసియుండునట్లు చీట్లువేసిన రీతిగా ఎన్నుకొందురు. అమెరికాలో ఎన్నికయైన యింటికి ఆరునెలలకొకసారి చొప్పున ఏడుమార్లు పోయి, 12 సంవత్సరములు నిండిన ప్రతివారిని విడివిడిగా ప్రశ్నింతురు.

'మొన్న' యనగా ఎప్పుడు?

తెలుగున 'మొన్న' యనగా నిన్నటికి ముందురోజు. కాని "మొన్న మా యింట దొంగలు పడ్డారు" అను మాటలోని మొన్న మూడునెలలైనను కావచ్చును, రెండేండ్లైనను కావచ్చును. మనసునకు గట్టిగా తగిలిన సంగతి దగ్గరగా తోచుట మానవ స్వభావము. ఈ దోషము వలన పాత నేరములు ఈ యేటి లెక్కలోనికి జరిగివచ్చును. దీనిని నివారించుటకు అమెరికావారు చాలకాలము మొదటి సందర్శనలో చెప్పిన సంగతులను లెక్కలో చేర్చక, పొలమునకు హద్దురాయివలె వాడిరి. రెండవసారి చెప్పినది మొదటిసారి చెప్పినదే యైనచో తీసివైచెడివారు.

మరపు దీనికి ఎదురు దోషము. 1970 ప్రాంతమున కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరమున, పోలీసు పుస్తకములలో బాధితులుగా పేరున్నవారి యిండ్లకే పోయి, ఆ సంగతి ముందుగా చెప్పక ప్రశ్నించి చూచిరి. కన్నపుదొంగతనము జరిగినవారిలో నూటికి సుమారు 90 మంది దానిని చెప్పిరి. దాడికి గురియైనవారిలో సగముమంది యైనను చెప్పలేదు. కొట్టినవాడు ఎరిగినవాడైనపుడు అది 'గొడవ' యగును గాని 'నేరము'గా తోచదు.

ప్రశ్న మారిన అంకె మారును

కావున ఈ సర్వేలలో "మీపై నేరము జరిగినదా?" అని అడుగరు. జరిగిన పనులను, స్థలములను, మనుష్యులను ఒక్కొక్కటిగా పేర్కొని అడుగుదురు. ఇందుకు గట్టి ప్రమాణము అమెరికాలోనే దొరకినది. 1992 జనవరి నుండి ఏడాదిన్నరపాటు ఎన్నుకొన్న యిండ్లలో సగమునకు పాత ప్రశ్నావళిని, తక్కిన సగమునకు క్రొత్తదానిని ఉపయోగించిరి. క్రొత్త ప్రశ్నలలో, ఇంటిలోను, పనిచోటను, త్రోవలోను ఎవరైన, ఎరిగినవారైన సరే, ఏమైన చేసిరా అను సూచనలు విరివిగా చేర్చిరి. దేశమొకటే, కాలమొకటే. అయినను క్రొత్త ప్రశ్నలడిగిన యిండ్లలో హింసానేరములు దాదాపు ఒకటిన్నర రెట్లు, బలాత్కారములు రెండున్నర రెట్లు అధికముగా బయటపడినవి. నేరములు పెరుగలేదు, అడుగుట మెరుగైనది.

అడుగు మాటతోపాటు వినువారెవరనునదియు ముఖ్యము. కొట్టిన భర్త ప్రక్కగదిలో నుండగా భార్య నిజము చెప్పజాలదు. ఇంగ్లండులో ఇట్టి విషయములకు కంప్యూటరును ఆమె చేతికే యిచ్చి, ప్రశ్నలు తానే చదివికొని సమాధానములు తానే గుర్తించు ఏర్పాటు చేసిరి. మనదేశపు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గృహహింసను గూర్చి ఇంటికి ఒక్క స్త్రీనే అడుగుదురు. ఏకాంతము కుదరనిచో అడుగరు. "హింస జరిగినదా?" అనక, చెంపపై కొట్టెనా, త్రోసెనా, చేయి మెలిపెట్టెనా అని విడివిడిగా అడుగుదురు. మన యిండ్లలో "చెయ్యి చేసుకున్నాడు" అనియే ఈ సంగతిని మృదువుగా చెప్పుదురు; హింసయను పెద్దమాట ఎవరును వాడరు. 2019-21 నాటి ఆ సర్వేలో శారీరక, లైంగిక హింసకు గురియైన స్త్రీలలో నూటికి 77 మంది ఎవరి సాయమును కోరలేదనియు, ఎవరికిని చెప్పలేదనియు తేలినది. ఠాణా పుస్తకముల మాట అటుండనిండు, పుట్టింటికిని తెలియని దుఃఖమది.

ఈ విధానపు కొరతలు

ఈ పద్ధతి అన్నిటిని పట్టజాలదు. హతుడైనవాడు ప్రశ్నకు బదులు చెప్పలేడు గనుక హత్యల లెక్కకు పోలీసు పుస్తకమే ఆధారము. ఇల్లులేనివారు, జైళ్లలో నున్నవారు ఇంటింటి జాబితాలకు అందరు. పసిపిల్లలను అడుగుట కష్టము. ఇంగ్లండులో 10 నుండి 15 ఏండ్ల బాలబాలికలను 2009 నుండియే చేర్చిరి. తరచుగా దెబ్బలు తినువారిని లెక్కించుట మరియొక చిక్కు. ఒకరికి ఒకేరీతి నేరము ఎన్నిమార్లు జరిగినను, ఇంగ్లండు సర్వే చాలకాలము అయిదుమార్లుగనే గణించెడిది. కొద్దిమంది సమాధానములవలన ఏటికేడు అంకెలు ఊగిసలాడకుండుటకు ఆ నియమము పెట్టిరి. కాని వారమువారము దెబ్బలు తిన్న స్త్రీ బాధలో అధికభాగము అందువలన మాయమైనది. స్త్రీహింసను పరిశోధించువారు ఆక్షేపింపగా 2019లో ఆ హద్దును మార్చిరి. కనుక పోలీసు లెక్కకు సర్వే బదులు గాదు. రెండును ప్రక్కప్రక్కన నుంచి చదువవలెను.

మనకు సంబంధించిన మాట

అల్పసంఖ్యాకుల విషయమున ఒక సర్వే ప్రత్యేకముగా పేర్కొనదగినది. 2008లో ఐరోపా సమాఖ్య ప్రాథమిక హక్కుల సంస్థ 27 దేశములలో వలసవచ్చినవారిని, అల్పసంఖ్యాక జాతులవారిని 23,500 మందిని ప్రశ్నించినది. దాడులకు, బెదిరింపులకు గురియైనవారిలో అధికసంఖ్యాకులు పోలీసులకు చెప్పలేదు. చెప్పినను ఏమియు జరుగదను అపనమ్మకమే ముఖ్యకారణముగా తేలినది.

అమెరికాలోవలె ఎడతెగక సాగు జాతీయ నేరబాధిత సర్వే మనదేశమున లేదు. అయినను ప్రయత్నములు లేకపోలేదు. 2017లో ఒక పరిశోధన సంస్థ ఢిల్లీ, ముంబయి, చెన్నై, బెంగళూరు నగరములలో సుమారు 20,000 కుటుంబములను ఈ విషయమై ప్రశ్నించినది. ఈ నాలుగింటిలో మూడు నగరములు తెలుగువారు తరతరములుగా నివసించుచున్నవి. 2011 జనగణన ప్రకారము తెలుగు మాతృభాషగా గలవారు తమిళనాడులో 42 లక్షలకును, కర్ణాటకములో 35 లక్షలకును పైబడియున్నారు. హింసకు గురియై తగిన అధికారులకు తెలిపినవారెందరను లెక్కను ఐక్యరాజ్యసమితి 2015లో స్వీకరించిన లక్ష్యములు ప్రతి దేశమునుండియు కోరుచున్నవి. కావున ఇట్టి సర్వేలు మున్ముందు మన గుమ్మములకును రాగలవు.

అపుడు ప్రశ్న ఏ భాషలో నుండును? రాజ్యభాషలో వచ్చిన ప్రశ్నకు మన యింటి పెద్దలు "ఏమీ లేదు" అని తల యూపి పంపివేయుదురు. గ్రాంథిక తెలుగులోనికి మార్చినను చాలదు. "మీ ఆభరణములు అపహరింపబడినవా?" అని అడిగినచో ఆ తల్లి లేదనియే చెప్పియుండును, ఆమె గొలుసు 'పోయినది' గదా! హోసూరు తెలుగు వేరు, బరంపురము తెలుగు వేరు, షోలాపూరు తెలుగు వేరు. పోగొట్టుకొన్నదానికి, దోచుకొన్నదానికి, కొట్టినదానికి, వెంటబడి వేధించినదానికి ఏ చోట ఏ మాట చెల్లునో అచ్చటి ఉపాధ్యాయులకును, సంఘములవారికిని తెలిసినట్లు మరియొకరికి తెలియదు. ప్రతి ప్రాంతపు తెలుగు సంఘము ఇట్టి మాటలను సేకరించి, సర్వే జరుపువారు వచ్చినపుడు వారి చేతికి ఈయగలిగిన మేలు. తెలుగు తెలిసిన స్త్రీని ప్రశ్నించుటకు పంపుడని కోరుటయు మన పనియే.

ఆ తల్లి గొలుసు మరల దొరకలేదు. ఆమె మరల ఠాణాకు పోవునట్టి పని ఏదియు రాకుండుగాక. వచ్చినచో తోడుగా వచ్చెదనని చెప్పియున్నాను.