నీళ్లలోంచి లేచి ఇంటికెళ్లాక...

మా వైపు బాప్టిస్టు సంఘాల్లో బాప్తిస్మం అంటే తలమీద నాలుగు చుక్కలు చల్లడం కాదు, మనిషిని నిలువునా నీళ్లలో ముంచి లేపడం. కాలువో, చెరువో, సముద్రమో, ఇప్పుడైతే చర్చి వెనక సిమెంటు తొట్టో. తెల్లచీర కట్టుకుని దిగుతారు, పాటలు పాడతారు, ఫోటోలు తీసుకుంటారు. బాగానే ఉంటుంది. మరి ఆ సాయంత్రం ఇంటికెళ్లాక ఏంది? బాప్తిస్మానికి సిద్ధపడే ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడే పని మా సంఘంలో నాది. అందుకే ఈ ప్రశ్న నన్ను వదలదు.

ఈ ప్రశ్న మా ప్రాంతానికి కొత్తదేం కాదు. 1876-78 నాటి ధాత కరువు గురించి పెద్దలు చెప్పగా వినే ఉంటారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే. అక్కడి మిషనరీ క్లౌ దొర, జనానికి కూలి దొరకాలని బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకున్నాడు. పని చేసుకుంటూ, బోధకుల మాటలు వింటూ వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు! గింజల కోసం చేరారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఆపేశాడు. సాయం ఇక అయిపోవచ్చిందని తెలిశాక కూడా జనం వెనక్కి పోలేదు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవాళ్లు తెలుగు బోధకులే, ఆరుగురు, ఒకసారికి ఇద్దరు చొప్పున.

ఈ లెక్క చెప్పి మురిసిపోయేవాళ్లు చాలామంది. నాకు మాత్రం ఆ తర్వాతి సంగతే గొప్పగా తోస్తుంది. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. క్లౌ వాళ్లకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వినడానికి సులువు. కానీ అమ్మవారి జాతరలో డప్పు కొట్టనంటే ఊరు ఊరుకుంటుందా? ఆదివారం చేనుకు రానంటే ఆసామి గింజలు కొలుస్తాడా? పొయ్యిమీద ఏం పెట్టాలన్నది మాత్రం ఇంటి ఆడమనిషికే వదిలేశారు కదా! ఊరికే దొరికే మాంసం వద్దనుకుని, పిల్లలకు గంజి కాచి పోసిన ఆ తల్లుల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఇప్పటి కష్టం వేరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి మారిన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో వాళ్లు బీసీ-సి కిందికి వస్తారు. 2024 నవంబరులో పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట చెప్పింది. బాప్తిస్మం తీసుకుని చర్చికి వెళ్తూ, ఉద్యోగం కోసం హిందువునని చెబితే కుదరదంది. చట్టం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. నా వరకు అది అన్యాయమే. మతం మారినంత మాత్రాన ఊళ్లో కులం మారుతుందా, చెప్పండి? కానీ ఒక తల్లి వచ్చి "పిల్లోడి సర్టిఫికెట్ ఏం కావాలక్కా?" అంటే, "దేవుడు చూసుకుంటాడులే" అని తోసెయ్యడం నాకు చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. తెలిసి దిగాలి నీళ్లలోకి.

ఇంక నేను అడిగేవి చిన్న చిన్న సంగతులు. వాక్యాలు అప్పజెప్పమనను. చీటీ డబ్బులు ఎవరికైనా ఎగ్గొట్టావా తల్లీ? కోడలికి అన్నం పెట్టేటప్పుడు ఏమైనా సణుగుతావా? మీ ఇంట్లో పాచిపని చేసే అమ్మాయికి టీ ఏ గ్లాసులో ఇస్తావు? ఈ చివరి ప్రశ్నకు చాలామంది తల దించుకుంటారు. క్రైస్తవుల ఇళ్లల్లో వేరే గ్లాసు ఉండదనుకుంటున్నారేమో, ఉంటుందమ్మా!

పోయిన ఏడు ఒకావిడ అన్ని తరగతులకూ వచ్చింది, తెల్లచీర కూడా కొనుక్కుంది. వారం ముందు వచ్చి, "నేను ఇప్పుడు తీసుకోనక్కా" అంది. తోడికోడలితో ఇంటిగోడ తగాదా, ఆరేళ్లుగా మాటల్లేవు. "దాని మొహం చూడకుండా ఆ నీళ్లలో ఎట్టా దిగేది? మాట్లాడినాక వస్తాలే" అంది. పాస్టరుగారు నచ్చజెప్పబోయారు. నేనే వద్దన్నాను.

చీర ఇంకా మడత విప్పలేదంట. మొన్న సంక్రాంతికి మాత్రం తోడికోడలి పిల్లలకు అరిసెలు పంపించిందని విన్నాను.