ఆటలోకి అవ్వ మాట

పోయిన వేసవి సెలవులలో మా అబ్బాయి కంప్యూటరు ముందు కూర్చొని పకపక నవ్వుతుంటే, ఏమిటా అని తొంగి చూచాను. తెరమీది అక్షరాలన్నీ తలక్రిందులుగా వున్నాయి. యంత్రం చెడిందేమోనని భయపడ్డాను. "లేదు నాయినా, నేనే మారిస్తిని. ఇదీ ఒక భాషే" అన్నాడు.

ఆ ఆట పేరు మైన్‌క్రాఫ్ట్. స్వీడన్ దేశపు మొజాంగ్ సంస్థ దీనిని 2011లో పూర్తి రూపంలో విడుదల చేసింది. మన్నూ రాయీ తవ్వుకొని, మాను కొట్టుకొని, ఇల్లు కట్టుకొని బ్రతికే ఆట. దాని భాషల పట్టికలో హిందీ, తమిళం, కన్నడం వంటి నిజమైన భాషలతో బాటు వేడుక భాషలూ వున్నాయి. తలక్రిందుల ఇంగ్లీషు ఒకటి, షేక్‌స్పియరు కాలపు ఇంగ్లీషు ఒకటి, ఓడదొంగల ఇంగ్లీషు మరొకటి. టోల్కీన్ తన కథల కొరకు కల్పించిన క్వెన్యా, సినిమాల కొరకు మార్క్ ఒక్రాండ్ అనే భాషావేత్త అల్లిన క్లింగన్ కూడా అక్కడ చోటు చేసుకొన్నాయి. ఈ మాటలు మార్చేవారిలో ఎక్కువమంది జీతగాళ్ళు కారు; ఆటమీది మోజుకొద్దీ పూనుకొన్నవారు.

ఓడదొంగల భాష సంగతి చిత్రమైనది. వెనుకటి ఓడదొంగలందరూ అట్లా మాట్లాడినారని కాదు. 1950లో వచ్చిన డిస్నీవారి 'ట్రెజర్ ఐలండ్' చిత్రంలో లాంగ్ జాన్ సిల్వర్ వేషం వేసిన రాబర్ట్ న్యూటన్, ఇంగ్లండు నైరుతి మూలనున్న డార్సెట్ సీమలో పుట్టినవాడు. ఆ సీమ యాసనే కాస్త సాగదీసి మాట్లాడాడు. అది జనం నోట బడి ఓడదొంగల యాసగా నిలిచిపోయింది. ఒక సీమ పల్లెయాస, ఇన్నేళ్ళకు పిల్లల ఆటలో భాషగా కూర్చొన్నదన్నమాట!

ఇది తెలిసినప్పుడు నాకు మా యింటి తెలుగు జ్ఞాపకం వచ్చింది. మాది హొసూరు. మేము హైదరాబాదు పోయి నోరు విప్పితే "మీది తమిళమా, కన్నడమా?" అని అడుగుతారు. ఈ అనుభవం మన పాఠకులలో చాలామందికి కొత్తది కాదు. ఓడదొంగలకు లేని సిగ్గు మనకెందుకు? ఆ మాటే మా వాడితో అన్నాను. వాడు ఎగిరి గంతేశాడు.

పట్టికలో లేని భాషను బయటినుంచి తెచ్చి పెట్టుకొనే వీలు ఈ ఆటలో వుంది. కంప్యూటరులో ఆడే జావా ఎడిషన్ అయితే పద్ధతి ఇది. ఆప్షన్స్‌లో రిసోర్స్ ప్యాక్స్ అనే చోట నొక్కితే, ప్యాకులుంచే ఫోల్డరును తెరిచే బొత్తాము వుంటుంది. జిప్ రూపంలోని ప్యాకును విప్పకుండానే ఆ ఫోల్డరులో వేసి, ఆటలో దానిని కుడివైపుకు చేర్చుకొని, తరువాత భాషల పట్టికలో ఆ పేరు ఎన్నుకోవాలి. కొన్ని ప్యాకులు కొత్త పేరుతో రాక, ఇంగ్లీషు స్థానంలోనే కూర్చొంటాయి. నచ్చకుంటే తీసివేయవచ్చు, పిల్లలు కట్టుకొన్న ఇళ్ళకేమీ కాదు. తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక: భాషాప్యాకుకు ప్రోగ్రాము నడపవలసిన పని లేదు. "ముందు ఈ ప్రోగ్రాము నడుపు" అని ఏదైనా అడిగితే అది భాష కాదు, దొంగ. తెరవకుండా పారవేయండి.

సొంతంగా తయారుచేయడమూ బ్రహ్మవిద్య కాదు. మాటల ఫైలులో ప్రతి వరుసకూ ఎడమప్రక్క ఆటకు తెలిసిన గుర్తు, కుడిప్రక్క మనిషికి కనిపించే మాట వుంటాయి. ఎడమప్రక్క ముట్టరాదు. కుడిప్రక్క మార్చుకోవాలి. మార్చనివి ఇంగ్లీషులోనే కనిపిస్తాయి. ఒక్క కామా జారిందా, ఫైలు మొత్తం చదవదు. మొదటి రోజంతా మావాడు ఆ కామా కొరకే వెతికాడు.

అసలు చిక్కు లిపితో వచ్చింది. ఈ ఆటకు అక్షరం ప్రక్కన అక్షరం పేర్చడమే తెలుసు. మన గుణింతాలూ ఒత్తులూ తమ హల్లును విడిచి ప్రక్కన వేరుగా నిలబడతాయి. కనుక రోమన్ అక్షరాలలోనే తెలుగు వ్రాసుకొన్నాము. నాకు మనసు చివుక్కుమన్నమాట నిజం. అయితే మావాడు తెలుగు మాట్లాడతాడేగాని చదవలేడు. వాడి బడిలో తెలుగు లేదు. వాడికి తెలుగంటే అవ్వ గొంతే.

మాటలకు ఆ అవ్వనే ఆశ్రయించాము. అమ్మ మొదట విసుక్కొని, పిమ్మట కుర్చీ దగ్గరకు లాక్కొన్నది. ఫర్నెస్ దగ్గర తగవు పుట్టింది. ఇనుము కరిగించేది గదా, కొలిమి అంటాను నేను. మాంసం కూడా దాంట్లోనే కాలుస్తామన్నాడు మావాడు.

"కొలిమిలో కూడు వండే కొంప యాడుండాది?" అన్నది అమ్మ.

అది పొయ్యి అయింది. లోహాన్ని మాత్రమే కరిగించే బ్లాస్ట్ ఫర్నెస్ వేరుగా వున్నదని తెలిసి, కొలిమిని దానికిచ్చాము.

చావు కబుర్లు ఇంకా కష్టపెట్టాయి. ఆటలో ఒకరు చనిపోతే ఫలానావాడు ఫలానాదాని చేతిలో చచ్చెనని తెరమీద పడుతుంది. పేర్లు పడే ఖాళీలకు ఒకటి, రెండు అని అంకెలుంటాయి గనుక మన వాక్యానికి తగినట్లు ముందు వెనుకలు చేసుకోవచ్చు. కాని "చచ్చినాడు" అని వ్రాస్తే మా చిన్నమ్మాయి ఒప్పుకోలేదు. తానూ ఆడుతుంది గదా! అమ్మ క్షణంలో తేల్చింది: "కత అయిపాయ అని రాయండి. ఆడామగా అందరికీ సరిపోతాది."

పగటివేళ మంచం నొక్కితే, రాత్రిపూటగాని ఉరుముల వానలోగాని తప్ప నిద్రపోరాదని ఆట చెబుతుంది. దానిని మా ప్యాకులో "పట్టపగలు నిద్రేమిరా, లెయ్" అని పెట్టాము. అది కనబడినప్పుడల్లా మావాడు వంటింటివైపు తిరిగి చూస్తాడు.

కొన్ని వేల వరుసలలో ఇప్పటికి మూడువందలు దాటినాము. క్రీపర్ అనే ప్రాణికి పేరు ఇంకా కుదరలేదు. అది చప్పుడు లేకుండా వెనుక చేరి, బుస్సుమని పేలిపోతుంది. అమ్మకు తెలిసిన దయ్యాలలో ఏదీ అట్లా చేయదట.