మీకు తెలుసా? ఆఫీసు ఫోన్‌లో సందేశ దీపం ఎలా వెలుగుతుందో!

1999లో మార్క్ స్పెన్సర్ మొదలుపెట్టిన ఆస్టరిస్క్, ఆఫీసు ఫోన్లను నడిపే ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్. మామూలు అమరికలో ఇందులోని వాయిస్‌మెయిల్ పెట్టె సర్వర్‌లో ఒక ఫోల్డర్. ఒక్కో సందేశానికి ఆడియో ఫైలు, పక్కనే ఫోన్ చేసినవారి నంబరు, సమయం రాసిన చిన్న టెక్స్ట్ ఫైలు ఉంటాయి. సందేశం ఆస్టరిస్క్ ద్వారానే వచ్చినా, చెరిగినా ఆ కబురు వెంటనే ఫోన్‌కు చేరుతుంది. దీపం వెలుగుతుంది, ఆరుతుంది. వేరే ప్రోగ్రాం ఆ ఫైళ్లను బయటినుంచి తీసేస్తేనే చిక్కు: పెట్టె ఖాళీ అయినా దీపం వెలుగుతూనే ఉంటుంది. అందుకే ‘పోల్‌మెయిల్‌బాక్సెస్’ అనే సెట్టింగ్ ఉంది. దాన్ని ఆన్ చేస్తే, వ్యవధి మార్చనంతవరకు, ఆస్టరిస్క్ 30 సెకన్లకోసారి పెట్టెలను తనిఖీ చేస్తుంది. వేల పెట్టెలున్న చోట డిస్కుకు ఇది భారమే కాబట్టి అవసరమైతేనే వాడటం మేలు.