కల్లు కంపు కొడితే పాడైనట్టేనా?

మన మహబూబ్‌నగర్ దిక్కు ఈత కల్లు తెలియనోళ్లు లేరు. అది ఒక్కోసారి కుళ్లిన గుడ్డు లెక్క ఎందుకు కంపు కొడతదో ఇయ్యాల చెప్పుకుందాం.

లొట్టిలో చక్కెరను ఆల్కహాల్‌గా మార్చేది ఈస్టు ఒక్కటే కాదు. జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా ఆ పని చేస్తది. విచిత్రం ఏందంటే, ఇదే బ్యాక్టీరియా బీరులో పడితే గంధకం కంపు కొట్టి బీరు పాడైందంటరు. కల్లుకేమో అదే కావాలె! పులిసేటప్పుడు ఈస్టు నుంచి కూడా కొంత గంధకం వాసన వస్తది. నురగతో లేచే గ్యాసే దాన్ని బయటికి మోసుకుపోతది. కల్లుకైతే కాసేపు ఆగితే తగ్గుతది, బీరుకు రోజులు పడతది. లొట్టి మూతి మాత్రం బిగించొద్దు.

వెనిగర్ లాంటి పుల్లటి ఘాటు వేరే సంగతి. గాలి తగిలి ఆల్కహాల్ ఆమ్లంగా మారినంక అది మళ్లీ కల్లు కాదు, పారబోయడమే. నీరా పులియకుండా ఉండాలనే లొట్టి లోపల సున్నం పూస్తరు.

అయితే నా భయం వాసనొచ్చే కల్లు గురించి కాదు. ఆల్ప్రజోలం కలిపిన కల్లును ముక్కు పట్టలేదు. పలచటి కల్లుకు మత్తు రావాలని కలుపుతరు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. ఇంకోటి, రోజూ అది తాగేటోళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు. ఇంట్ల అట్లాంటోళ్లుంటే బలవంతంగా మాన్పించకుండా సర్కారు దవాఖానకు తీసుకపోండ్రి. ఎన్ని రోజుల నుంచి, ఎంత తాగుతున్నరో డాక్టర్‌కు దాచకుండా చెప్పండి.