దండితుడైన విద్యార్థికి వైద్యవిద్య కలదా?

నాగార్జునసాగరు ఎడమకాలువ నీరు పారి మెట్టచేలు మాగాణులైన తరువాత, కోదాడ, హుజూర్‌నగరు, మిర్యాలగూడ ప్రాంతముల రైతు కుటుంబములలో బిడ్డను డాక్టరు చదివింపవలెనను కోరిక గాఢముగా వేరూనినది. చిలుకూరు మండలములోని గ్రామములనుండి, పదవ తరగతి ముగిసినదే తడవుగా, విజయవాడకో హైదరాబాదుకో ఖమ్మమునకో పంపబడి, అచ్చటి రెసిడెన్షియల్ జూనియర్ కళాశాలలలో బైపీసీ చదువుచున్న పిల్లలు అనేకులు. పదునారేండ్ల ప్రాయమున తల్లిదండ్రులను విడిచి, తెల్లవారుజాము మొదలు రాత్రి స్టడీ అవరు ముగియువరకు పుస్తకములయెదుటనే కాలము గడుపు ఈ పిల్లలలో ఒకడు పరుపుక్రింద సెల్‌ఫోను దాచి పట్టుబడును. ఒకడు గోడ దూకి సినిమాకు పోవును. ఒకడు తోటివానితో కలహించి చేయిచేసికొనును. ఒకడు పరీక్షగదిలో చిట్టీతో దొరకును. కళాశాలవారు తండ్రిని పిలిపించి టీసీ చేతిలో పెట్టుదురు. ఆ కాగితముతో ఇల్లు చేరిన తండ్రి తెలిసినవారినెల్ల అడుగు ప్రశ్న యొక్కటియే: "సారూ, మావోనికి టీసీ ఇచ్చి పంపించిన్రు, ఇగ డాక్టర్ సీటొస్తదా?"

రావచ్చునని చెప్పుటకు సంకోచింప బనిలేదు. మన తెలంగాణ రాష్ట్రమున ఎం.బి.బి.ఎస్. సీటు నీట్ పరీక్షలోని ర్యాంకును బట్టి లభించునే గాని పూర్వప్రవర్తనను బట్టి లభించునది కాదు. ప్రవేశము పొందు సంవత్సరము డిసెంబరు 31 నాటికి 17 ఏండ్లు నిండి, ఇంటర్మీడియెట్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రములందు కలిపి 50 శాతము, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గములవారైనచో 40 శాతము మార్కులు తెచ్చుకొని, నీట్‌లో అర్హత సాధించి దరఖాస్తు చేసికొన్నవారిని వరంగల్లులోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము ర్యాంకుల వరుసలో పేర్చి, రిజర్వేషన్ల ననుసరించి సీట్లను కేటాయించును. కౌన్సెలింగునకు కొనిపోవు కాగితములలో టీసీయు, ఆరవ తరగతినుండి చదివిన స్టడీ సర్టిఫికెట్లును ఉండును. అవి చదువును, స్థానికతను నిరూపించుటకే గాని శీలమును తూచుటకు గాదు. ప్రవర్తన గడిలో ఏమి వ్రాసియున్నను దానికి మార్కులు లేవు, ఇంటర్వ్యూ లేదు. ఒకచోట టీసీ పొందినవాడు మరియొకచోట చేరి, నిజాయితీగా చదివి పరీక్ష వ్రాసినచో, ఆతని ర్యాంకును తగ్గించు అధికారము ఎవ్వరికిని లేదు.

వైద్యునికి కావలసిన గుణమును విచారింపక సీటు నిచ్చు ఈ పద్ధతి యాంత్రికమని కొందరు ఆక్షేపింతురు. చరకసంహిత విమానస్థానము ఎనిమిదవ అధ్యాయమున, శిష్యుడు కాగోరువాడు ముందుగా శాస్త్రమును, పిదప ఆచార్యుని పరీక్షించుకొనవలెననియు, ఆచార్యుడును శిష్యుని గుణములను పరీక్షించి, అగ్నిసాక్షిగా నియమముల నుపదేశించిన పిదపనే విద్య నీయవలెననియు విధింపబడియున్నది. పరీక్ష ఇరుప్రక్కలనుండియు జరుగవలెనను ఆ భావన నాకు మిక్కిలి పూజ్యము. ఐనను గుణపరీక్ష పేరిట నలుగురు పెద్దలు ఒక గదిలో కూర్చుండినచో, ఆ గది తలుపులు సిఫారసులకును ధనమునకును తెరచుకొనుటకు మన సమాజమున ఎంతో కాలము పట్టదు. చిలుకూరు రైతుబిడ్డకును, పట్టణములోని సంపన్నుని బిడ్డకును ఒకే కొలత పెట్టునది ర్యాంకు. దానిని వదలుకొమ్మని నేను చెప్పజాలను. గుణమును విచారింపవలసినది సీటిచ్చు దినమున గాదు. ఇచ్చిన పిదప, ఇంటర్న్‌షిప్ ముగియువరకు గల అయిదున్నరేండ్ల కాలమునందు.

అయితే ర్యాంకునే అసత్యము చేయు అపరాధము వేరు. ఇంటర్మీడియెట్ పరీక్షలో మాల్‌ప్రాక్టీస్ కేసు నమోదైనచో, విచారణ ననుసరించి ఆ పేపరో, అంతకంటె ఎక్కువయో రద్దగును. జీవశాస్త్రపు పేపరు రద్దైనవానికి ఆ యేడు నీట్ ర్యాంకు ఎంత మంచిదైనను నిష్ప్రయోజనము కావచ్చును. నీట్‌లోనే అక్రమమునకు పాల్పడినవాని ఫలితము రద్దగుటయే గాక, తరువాతి పరీక్షలనుండియు ఆతడు డిబార్ కావచ్చును. 2016లో తెలంగాణమున వైద్యవిద్యకై జరిగిన ఎంసెట్-2 ప్రశ్నపత్రము వెల్లడియైనట్లు సీఐడీ విచారణలో తేలగా, ప్రభుత్వము ఆ పరీక్షను రద్దుచేసి సెప్టెంబరు 11న ఎంసెట్-3 నిర్వహించెను. దళారులకు డబ్బు కట్టినవారి వలన, ఏ పాపము నెరుగని వేలాది పిల్లలు మరల పరీక్షకు కూర్చుండవలసివచ్చెను. గోడ దూకిన బాలుని తప్పును, ఈ తప్పును ఒక్క త్రాసున తూచుట న్యాయము కాదు. మొదటిది తనకు తాను చేసికొన్న చెరుపు. రెండవది పరుల సీటును అపహరించుట.

ఇక మన దేశమున విద్యార్థిని గతమును గూర్చి సూటిగా అడుగు ప్రశ్న యొకటి కలదు. అది సీటు వచ్చిన పిదప, కళాశాలలో చేరునప్పుడు, ర్యాగింగు వ్యతిరేక ప్రమాణపత్రమున అడుగబడును. దాని వెనుక విషాదకరమైన చరిత్ర యున్నది. 1996లో తమిళనాడున చిదంబరమునందలి వైద్యకళాశాలలో తొలి సంవత్సరపు విద్యార్థి సీనియరు చేతిలో హతుడయ్యెను. మరుసటి యేడు తమిళనాడును, ఆంధ్రప్రదేశమును ర్యాగింగును నిషేధించుచు చట్టములు చేసినవి. సర్వోన్నత న్యాయస్థానము 2001లో విశ్వజాగృతి మిషన్ కేసునందు మార్గదర్శకములు వెలువరించెను. 2007లో రాఘవన్ కమిటీ తన నివేదిక సమర్పించెను. ఐనను 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్ లోని టాండా వైద్యకళాశాలలో అమన్ కాచ్రూ అను పందొమ్మిదేండ్ల విద్యార్థి సీనియర్ల దెబ్బలకు మరణించెను. ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయ నిధుల సంఘము దేశమంతటికిని వర్తించు నిబంధనలు తెచ్చినది. వైద్యకళాశాలలకు ప్రత్యేకముగా జాతీయ వైద్య కమిషను 2021లో నిబంధనలు ప్రకటించెను.

ఆ ప్రమాణపత్రమున విద్యార్థి రెండు మాటల నీయవలెను. ఇకముందు ర్యాగింగు చేయనని యొకటి. ర్యాగింగు కారణముగా ఇంతకుముందు ఏ విద్యాసంస్థనుండియు బహిష్కృతుడు గాని, ప్రవేశనిషిద్ధుడు గాని కాలేదని మరియొకటి. ఈ రెండవ మాట అసత్యమని తేలినచో ప్రవేశము రద్దుకావచ్చునని తానెరుగుదునని ఆ పత్రముననే యుండును. తల్లిదండ్రులును వేరొక ప్రమాణపత్రముపై సంతకము చేయవలెను. ఇంతటి గంభీరమైన వాగ్దానమును మన పిల్లలు ఎట్లు చేయుచున్నారు? నెట్ సెంటరులో కూర్చున్న కుర్రవాడు వరుసగా గడులన్నింటిని టిక్కు పెట్టుచు పోవును. విద్యార్థి ప్రక్కన నిలుచుండి ఫోను నంబరు చెప్పును. తండ్రి డబ్బు చెల్లించును. ఏమి ప్రమాణము చేయబడుచున్నదో ఆ ముగ్గురిలో ఎవ్వరును చదువరు. తీరిక చేసికొని ఆ పత్రమును బిడ్డచేత బిగ్గరగా చదివించుడని ప్రతి తండ్రిని నేను ప్రార్థించుచున్నాను.

అందలి భాషను జాగ్రత్తగా గమనింపవలెను. బహిష్కారము వేరు, సస్పెన్షను వేరు. కొన్ని దినములు హాస్టలునుండి పంపివేయబడినవాడును, జరిమానా చెల్లించినవాడును ఆ వాక్యమునకు భయపడి తాను అనర్హుడనని తలంపనక్కరలేదు. ఆతడు సత్యముగానే సంతకము చేయగలడు. బహిష్కృతుడైనవాడు మాత్రము చేయజాలడు; ఆతడు తన ఉత్తర్వు నకలుతో నేరుగా ప్రిన్సిపాలునో విశ్వవిద్యాలయమునో ఆశ్రయించి, నిషేధకాలము ముగిసినదో లేదో వ్రాతమూలకముగా తెలిసికొనవలెను.

మన సూర్యాపేట జిల్లాకే వత్తము. సూర్యాపేటలో ప్రభుత్వ వైద్యకళాశాల 2019లో 150 సీట్లతో ప్రారంభమైనది. అది తెరచి మూడేండ్లు నిండకుండనే, 2022 జనవరి తొలి దినములలో, హాస్టలునందు తొలి సంవత్సరపు విద్యార్థి నొకనిని సీనియర్లు బట్టలు విప్పించి అవమానించి, జుట్టు కత్తిరింప యత్నించిరను ఫిర్యాదు వెలువడెను. ఆ బాలుడు తండ్రికి ఫోను చేయగా, తండ్రి 100 నంబరునకు ఫోను చేసి పోలీసులను పంపించెను. విచారణానంతరము ఆరుగురు విద్యార్థులను ఒక సంవత్సరము పాటు సస్పెండు చేసిరి. ఒక యేడు పోయినంత మాత్రమున జీవితము పోదనుట నిజమే. కాని వైద్యవిద్యలో ఆ యేడు ఎన్నో చోట్ల తిరిగి కనబడును. ఎం.బి.బి.ఎస్. చేరిన నాటినుండి తొమ్మిదేండ్లలో ముగింపవలెనను నియమము కలదు; ఇంటర్న్‌షిప్ ముగియు తేదీని బట్టి పీజీ ప్రవేశపరీక్ష అర్హత నిర్ణయింపబడును; విదేశమునకు పోదలచినచో ఆ విరామము ఏలయని అడుగు దరఖాస్తులు ఎదురగును.

పైన చెప్పిన 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగు నిషేధ చట్టము అంతకంటె కఠినమైనది. హేళనకును అవమానమునకును 6 నెలల వరకు జైలుశిక్ష యున్నది. మరణమునకో ఆత్మహత్యకో కారకుడైనచో యావజ్జీవ శిక్షయైనను పడవచ్చును. కోర్టు జైలుశిక్ష విధించినచో విద్యార్థిని కళాశాలనుండి తొలగింపవలెను. ఆ శిక్ష 6 నెలలకు మించినచో మరి ఏ విద్యాసంస్థయు ఆతనిని చేర్చుకొనరాదు. వైద్యవిద్యాద్వారమును నిజముగా మూసివేయు శిక్షలలో ఇది యొకటి. ఫిర్యాదును విచారింపక ఉపేక్షించిన సంస్థాధిపతియు ఆ నేరమునకు ప్రోత్సాహకుడుగానే భావింపబడునని అదే చట్టము చెప్పుచున్నది.

18 ఏండ్లు నిండనివారి విషయమున శాసనము దయాపూరితమైనది. 2015 నాటి బాలన్యాయ చట్టము 24వ సెక్షను ప్రకారము, ఆ చట్టము క్రింద విచారింపబడిన బాలునికి ఆ కారణముగా ఏ అనర్హతయు కలుగరాదు. గడువు తీరిన పిదప రికార్డు నశింపజేయబడవలెను. పదునారు నిండినవారు చేసిన ఘోరనేరములకు మాత్రము మినహాయింపు కలదు. ఇంటర్మీడియెట్ చదువునాటి కొట్లాట కేసు బిడ్డ భవిష్యత్తును కబళించునని భయపడు తల్లిదండ్రులు ఈ సంగతి నెరుగుట మంచిది.

ఈ ప్రాంతమునుండి అమెరికాకు పోయి టెక్సాసునందో న్యూజెర్సీయందో స్థిరపడినవారి పిల్లలకు ఎదురగు పరిస్థితి పూర్తిగా భిన్నము. అచ్చట నాలుగేండ్ల డిగ్రీ ముగిసిన పిదపనే వైద్యకళాశాల. అనగా పదునెనిమిదికిని ఇరువదిరెంటికిని నడుమ చేసిన పనులన్నియు దరఖాస్తునాటికి గతమై నిలుచును. అమెరికా వైద్యకళాశాలల సంఘము నడుపు ఆమ్‌కాస్ అను ఉమ్మడి దరఖాస్తులో, చదువు సరిగా లేనందునగాని, నడవడి తప్పినందునగాని ఏ కళాశాలయైనను నీపై చర్య తీసికొనినదా అని స్పష్టముగా అడుగుదురు. ఆ చర్య వలన చదువు ఆగకపోయినను, మార్కుల పత్రమున అది కనబడకున్నను, రికార్డునుండి తుడిచివేయబడినను, అవుననియే చెప్పవలెను. సంజాయిషీకి 1,325 అక్షరముల చోటిత్తురు. దరఖాస్తు పంపిన పిదప ఏదైన జరిగినచో 10 పనిదినములలోగా కళాశాలలకు తెలుపవలెను. హాస్టలు గదిలో మద్యముతో పట్టుబడుటయు, ఇతరుల వ్రాతను తనదిగా సమర్పించుటయు అచ్చటి కళాశాలలు చర్య తీసికొను తప్పులే. వీనిలో రెండవదానిని మరింత బరువుగా ఎంచుట సహజము. రోగి కేస్‌షీటులో లేనిది వ్రాయువాడు ఎంత ప్రమాదకారియో వైద్యులకు తెలియును గదా.

దాచినవాని గతి యేమి? ఏడాది ప్రొబేషను పొంది ఒప్పుకొన్నవానికి కొన్ని కళాశాలలు నిరాకరించినను మరియొకటి పిలువవచ్చును. దాచి పట్టుబడినవాడు సీటు వచ్చిన పిదపయు దానిని కోల్పోవచ్చును. మొదటివాడు ఇరువదేండ్ల నాడు తప్పుచేసినవాడు మాత్రమే; రెండవవాడు దరఖాస్తు చేయు దినమున తప్పుచేసినవాడు. మన పెద్దలలో కొందరు, బిడ్డపై ప్రేమతోనే, "ఎవరికీ తెల్వదు, రాయకు బిడ్డా" అని చెప్పుదురు. ఆ ప్రేమను నేను శంకింపను గాని, ఆ సలహా బిడ్డను జీవితాంతము భయమునకు బానిసను చేయుననుటలో నాకు సందేహము లేదు.

సంజాయిషీ వ్రాయుట యొక విద్య. ఏ నెలలో, ఏ సంవత్సరములో తానేమి చేసెనో మొదటి వాక్యముననే చెప్పవలెను. స్నేహితులపైకి, వార్డెనుపైకి, పరిస్థితులపైకి నెట్టరాదు. ఏ శిక్ష పడినదో, దానిని పూర్తిచేసెనో లేదో తెలుపవలెను. తరువాతి కాలమున ఏమి మారినదో, మాటలలో గాక చేసిన పనులలో చూపవలెను. తనవలన బాధపడినవాడొకడున్నచో, ఆతనిని మరచి తన భవిష్యత్తును గూర్చియే వ్రాసిన లేఖ ఎంత చక్కని భాషలో నున్నను చదువరి మనస్సును తాకదు. ఆ లేఖను తండ్రిగాని కన్సల్టెంటుగాని వ్రాయరాదు. కళాశాలవద్దనున్న ఉత్తర్వును ముందుగా తెప్పించుకొని, తన కథనము దానితో సరిపోలుచున్నదో లేదో చూచుకొనవలెను. జ్ఞాపకము మనకు తెలియకుండనే మన పక్షము వహించును.

శిక్ష అన్యాయమని తలంచువారికి మన దేశమున మార్గము లేకపోలేదు. ర్యాగింగు నిబంధనల ప్రకారము, విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన కళాశాల విధించిన శిక్షపై ఉపకులపతికి అప్పీలు చేసికొనవచ్చును. కావున నోటిమాటతో పంపివేయబడిన ఏ విద్యార్థియైనను, కారణమును, శిక్షాకాలమును తెలుపు ఉత్తర్వును వ్రాతమూలకముగా కోరవలెను. అది లేనిచో అప్పీలునకు ఆధారము లేదు, రేపటి దరఖాస్తునకు సాక్ష్యమును లేదు. బాధితుడైన విద్యార్థికి 1800-180-5522 అను ఉచిత ఫోను నంబరు పగలును రాత్రియు పనిచేయును. ర్యాగింగు క్రిమినల్ నేరమని తేలినచో, ఆ సమాచారమందిన 24 గంటలలోగా సంస్థాధిపతి పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. పరువు పోవునను భయముతో ఆ గడువును దాటవేయు హక్కు ఏ ప్రిన్సిపాలునకును లేదు.