ది డ్రగ్ కింగ్: మేటి నటులున్నా ఈ కొరియా నేర చిత్రం ఎందుకు తడబడింది?

ఒక సినిమాను నటుడు ఎంత దూరం మోయగలడు? 2018 డిసెంబరులో విడుదలైన దక్షిణ కొరియా చిత్రం 'ది డ్రగ్ కింగ్' చూసినవారికి కలిగే ప్రశ్న ఇది. నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఈ చిత్రం ఇతర దేశాల ప్రేక్షకులకూ చేరింది. దర్శకుడు వూ మిన్-హో. ప్రధాన పాత్రధారి 'పారసైట్'తో ప్రపంచానికి పరిచయమైన సాంగ్ కాంగ్-హో.

నేపథ్యం ఏమిటి?

కథ 1972లో మొదలై 1980లో ముగుస్తుంది. బుసాన్ ఓడరేవులో చిన్నపాటి స్మగ్లింగ్‌తో పొట్టపోసుకునే లీ డూ-సామ్ క్రమంగా మత్తుమందుల సామ్రాజ్యాధిపతి అవుతాడు. ఈ పాత్రకు మూలం ఆ కాలపు వాస్తవ ఘటనలే.

అతడు తయారుచేసే సరుకు మెథాంఫెటమైన్. దీనిని తొలిసారి తయారుచేసినది 1893లో జపాన్ శాస్త్రవేత్త నాగాయ్ నాగయోషి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ఆ దేశంలో ఇది 'ఫిలోపాన్' పేరుతో విరివిగా వాడుకలో ఉండేది. 1951లో జపాన్ చట్టం చేసి దీనిని కట్టడి చేసింది. అయినా గిరాకీ మిగిలింది. ఆ గిరాకీని తీర్చే రహస్య తయారీ 1970లలో సముద్రానికి ఇవతల, కొరియాలో పెరిగింది.

అదే సమయంలో అధ్యక్షుడు పార్క్ చుంగ్-హీ ప్రభుత్వం ఎగుమతులను జాతీయ లక్ష్యంగా ప్రకటించింది. 1977లో కొరియా ఎగుమతులు 1,000 కోట్ల డాలర్లకు చేరాయి. ఎగుమతి దేశసేవ అయితే, జపాన్‌కు మత్తుమందు పంపడం మాత్రం దేశసేవ ఎందుకు కాదన్నది డూ-సామ్ వాదన. ఈ చేదు వ్యంగ్యమే చిత్రానికి ప్రాణం కావలసిన ఆలోచన.

నటన ఎక్కడ నిలబడింది?

తొలి సన్నివేశాలలో సాంగ్ కాంగ్-హో నవ్వు ఎదుటివాడి దయ కోరే నవ్వు. అధికారుల ముందు వంగే నడుము, చకచకా కదిలే కళ్లు బతకనేర్చినవాడిని చూపుతాయి. డబ్బు చేరాక అదే నవ్వులో ధీమా వస్తుంది. తాను అమ్మే మత్తుకు తానే బానిసై, చివరకు తన భవనంలోనే తుపాకీతో ఒంటరిగా మిగిలినప్పుడు ఆ ముఖంలో భయం, అహంకారం కలగలిసి కనిపిస్తాయి. భార్యగా కిమ్ సో-జిన్, పలుకుబడి గల మధ్యవర్తిగా బే డూనా, ప్రాసిక్యూటర్‌గా జో జంగ్-సుక్ కూడా తమ పాత్రలకు లోటు చేయలేదు.

కథనం ఎక్కడ జారింది?

దాదాపు ఎనిమిదేళ్ల జీవితాన్ని 139 నిమిషాలలో చెప్పబోయి చిత్రం సంఘటనల జాబితాగా మారింది. ఒక మనిషి వస్తాడు, ఒప్పందం కుదురుతుంది, మోసం జరుగుతుంది, మరొకరు వస్తారు. ఒక సంఘటన తరువాత ఇంకొకటి జరుగుతుందే తప్ప, ఒకదానివల్ల ఇంకొకటి జరగదు. నాయకుడిని వెంటాడవలసిన ప్రాసిక్యూటర్ ఆలస్యంగా ప్రవేశిస్తాడు. అందువల్ల ఇద్దరి మధ్య పోరు రాజుకోకముందే ముగింపు ముంచుకొస్తుంది. డూ-సామ్ ఎలా మారాడో నటుడు చూపించాడు. ఎందుకు మారాడో రచన చెప్పలేకపోయింది.

అదే దర్శకుడు, అదే కాలం

దీనికి జవాబు వూ మిన్-హో తరువాతి చిత్రంలోనే దొరుకుతుంది. 2020లో వచ్చిన 'ది మ్యాన్ స్టాండింగ్ నెక్స్ట్' కూడా పార్క్ పాలన గురించినదే. కిమ్ సో-జిన్, లీ సంగ్-మిన్ రెండు చిత్రాలలోనూ నటించారు. కానీ ఇక్కడ దర్శకుడు 1979 అక్టోబరు 26న పార్క్ హత్యకు ముందరి 40 రోజులకే కథను పరిమితం చేశాడు. అధ్యక్షుడి ఆంతరంగికుడైన గూఢచారి సంస్థ అధిపతి ఆయనపైనే తుపాకీ ఎందుకు ఎత్తాడన్న ఒక్క ప్రశ్నే ప్రతి సన్నివేశాన్నీ నడిపిస్తుంది. లీ బ్యుంగ్-హున్ మౌనానికి బరువు రావడానికి కారణం ఆ బిగువే. ఆస్కార్ పోటీకి కొరియా ఆ ఏడాది పంపినది ఈ చిత్రాన్నే.

'ది డ్రగ్ కింగ్' కోల్పోయినది వినోదం ఒక్కటే కాదు. లంచం పుచ్చుకున్న అధికారులు, కళ్లు మూసుకున్న వ్యవస్థ లేకుండా ఏ మత్తుమందుల రాజూ తయారుకాడు. ఆ మాటను చిత్రం ఎత్తుకుంది, కానీ చివరిదాకా నిలపలేదు. దానితో ఒక నియంతృత్వం చేసిన నేరం కాస్తా ఒక వ్యక్తి పతనంగా కుదించుకుపోయింది. ఆ పతనాన్ని మాత్రం సాంగ్ కాంగ్-హో కోసం ఒకసారి చూడవచ్చు.